సబ్‌వూఫర్‌ను ఎక్కడైనా పెట్టవచ్చన్న మాటకు సవరణ

హోమ్ స్టూడియోలోని రెండు మానిటర్ స్పీకర్లకు సబ్‌వూఫర్ (లోతైన బేస్ ధ్వనిని మాత్రమే వినిపించే స్పీకర్) జోడించడం గురించి ఇదివరకు రాసినదానిలో, 80 హెర్ట్జ్‌కు దిగువన ధ్వని ఏ దిక్కు నుంచి వస్తున్నదో చెవి పోల్చుకోలేదు కనుక దానిని గదిలో ఎక్కడైనా ఉంచవచ్చన్న వాక్యాన్ని సవరించవలసి ఉంది. దిక్కు తెలియదన్నది చాలావరకు నిజమే. అయితే స్థానాన్ని బట్టి బేస్ తీవ్రత, స్పీకర్లతో దాని పొందిక ఎంతో మారిపోతాయి. 80 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 4.3 మీటర్లు కాబట్టి, వినేవారికి స్పీకర్ల కంటే సబ్‌వూఫర్ అందులో సగం, అంటే 2.1 మీటర్ల మేర ఎక్కువ దూరంలో ఉంటే, క్రాసోవర్ (ధ్వని స్పీకర్ల నుంచి సబ్‌వూఫర్‌కు మారే పౌనఃపున్యం, ఇక్కడ 80 హెర్ట్జ్) దగ్గర రెండు ధ్వనులూ వ్యతిరేక దశల్లో కలిసి ఒకదానినొకటి రద్దు చేసుకోగలవు. అప్పుడు సబ్‌వూఫర్ వాల్యూమ్ పెంచితే మిగతా బేస్ ఉబ్బుతుందే తప్ప అసలు లోపం పోదు.

అందువల్ల ముందుగా సబ్‌వూఫర్‌నే వినేవారి కుర్చీ ఉండే చోట పెట్టి, బేస్ స్వరాలు మోగిస్తూ గోడల వెంబడి తిరిగి, అవి సమంగా వినిపించిన చోటికి దానిని మార్చాలి. తరువాత క్రాసోవర్ పౌనఃపున్యంలో ఒకే స్వరాన్ని మోగించి, సబ్‌వూఫర్ తరంగాన్ని తలకిందులు చేసే పోలారిటీ స్విచ్‌ను తిప్పి, ధ్వని అతి తక్కువయ్యేవరకు ఫేజ్‌ను (తరంగం దశను) సర్ది, స్విచ్‌ను మళ్లీ యథాస్థితికి తేవాలి; అప్పుడు ఆ కనిష్ఠమే గరిష్ఠంగా మారుతుంది. గరిష్ఠం కంటే కనిష్ఠాన్ని చెవి తేలికగా పసిగడుతుంది. వాల్యూమ్‌ను ఆ తరువాతే సరిచేయాలి.