సిరిమాను ఊరిని కలుపుతుంది సరే, ఏ వరసలో?

ఈ ఇద్దరూ వాదం కోసం నేను కల్పించిన మనుషులు. ఒకరు విజయనగరంలో రిటైరైన సోషియాలజీ లెక్చరర్, ఇంకొకరు పార్వతీపురం వైపు నుంచి వచ్చి పీజీ చదువుతున్న ఆయన పాత స్టూడెంట్. గొడవ ప్రకార్యవాదం మీద. సమాజం ఒక శరీరం లాంటిది, కుటుంబం, మతం, చదువు, చట్టం దాని అవయవాలు, ఒక్కోటి మొత్తాన్ని నిలబెట్టడానికి ఏదో పని చేస్తూ ఉంటుంది అన్న సిద్ధాంతం అది.

మాస్టారు: ప్రకార్యవాదం అంటే పరీక్షలో రెండు పేరాలు రాసి వదిలేసేది అనుకుంటున్నావమ్మా నువ్వు. దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజున, మన ఊళ్లో మూడు లాంతర్ల దగ్గర నిలబడి చూడు. చింతమాను చివర పూజారి కూర్చుంటాడు, దానితోపాటు బెస్తవారి వల, పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం కదులుతాయి, సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది, ఎవరి పని ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎందుకొచ్చారని అడిగితే అమ్మవారి మొక్కు అంటారు. నిజమే. కానీ ఎవరూ అనుకోకుండానే ఇంకో పని కూడా జరిగిపోతోంది, ఏడాదంతా ఎవరి బతుకు వాళ్లు బతికేవాళ్లు ఆ సాయంత్రం మనమంతా ఒక ఊరు అనుకుంటున్నారు. ఫ్రెంచి సోషియాలజిస్టు డర్క్‌హైమ్ 1912లో ఆస్ట్రేలియా ఆదివాసుల మతం గురించి రాస్తూ చెప్పింది ఇదే. అమెరికన్ సోషియాలజిస్టు మెర్టన్ 1949లో ఇలాంటిదాన్నే గుప్త ప్రకార్యం అన్నాడు.

అమ్మాయి: సిరిమాను నాకూ ఇష్టమే మాస్టారూ, మా అమ్మ మొక్కు చెల్లించడానికి వస్తూనే ఉంటుంది. నేను అడిగేది వేరు. గుడి నుంచి రాజుల కోట దగ్గరికే ఎందుకు వెళ్లాలి? కోట మీద నుంచి చూసేది ఎవరు, కింద తోపులాటలో నిలబడి అరటిపళ్లు విసిరేది ఎవరు? పండగ ఊరిని కలుపుతుంది అన్నారు, ఏ వరసలో కలుపుతుందో మాత్రం చెప్పలేదు.

మాస్టారు: ఎస్టేట్ల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. జమీందారీ పోయింది, సిరిమాను మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. రాజుని నిలబెట్టడమే దాని పనైతే రాజ్యంతోపాటే పోయేది కదా? ఆచారం ఎక్కడ పుట్టింది అన్నది ఒక ప్రశ్న, ఇవాళ ఏం పని చేస్తోంది అన్నది ఇంకో ప్రశ్న. రెండూ కలిపెయ్యకు.

(ఇక్కడ మాస్టారు చెప్పింది గట్టి మాటే. ప్రకార్యవాదాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఈ తేడా దాటేసి వెళ్లిపోతారు.)

మాస్టారు: ఇంకోటి చూడు. మన ఇళ్లలో బావామరదళ్లు ఎంత పరాచికాలాడినా తప్పు లేదు, అత్తగారి ముందు అల్లుడు మాత్రం గొంతు పెంచడు. ఇలాంటి పరాచికాల బంధుత్వాల మీద రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1940లో వ్యాసం రాశాడు. పెళ్లితో రెండు కుటుంబాలు కలుస్తాయి, అయినా వేరువేరుగానే ఉంటాయి, ఆ టెన్షన్ గొడవగా మారకుండా ఒకచోట నవ్వు కాపాడితే ఇంకోచోట దూరం కాపాడుతుంది. ఇంత చిన్న అలవాటుకి కూడా ఒక లెక్క ఉందని చూపించిన సిద్ధాంతం ఇంకొకటి చెప్పు.

అమ్మాయి: బాగుంది, ఒప్పుకుంటున్నాను. ఇళ్లలో నవ్వుల దాకా బాగానే పని చేస్తుంది. కళ్ళంలోకి రండి. మా తాత కంబారిగా, అంటే రైతు దగ్గర పాలేరుగా, పనిచేశాడు. నూర్పులయ్యాక చాకలికి, మంగలికి, కుమ్మరికి కళ్ళంలోనే మేర, అంటే వాళ్ల వాటా గింజలు, కొలిచేవారు. మీ పుస్తకాలు దీన్ని ఒకరికొకరు ఆసరా అంటాయి, ఎవరి పని వాళ్లు చేశారు, ఎవరి గింజలు వాళ్లకి అందాయి, ఊరు నిలబడింది అంటాయి. ఎన్ని గింజలు అన్నది ఎవరు చెప్పేవారు మాస్టారూ? వద్దు, నేను మానేస్తాను అని చాకలి అనగలిగేవాడా? కులం పని విభజన ఒక్కటే కాదు, పనిచేసేవాళ్ల విభజన కూడా అని అంబేద్కర్ 1936లోనే రాశారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకి, 1945లో, డేవిస్, మూర్ అనే ఇద్దరు అమెరికన్ ప్రకార్యవాదులు అసమానత ఏ సమాజానికైనా అవసరమే, ముఖ్యమైన పనులకి సమర్థులు రావాలంటే ఎక్కువ ప్రతిఫలం ఉండాలి అని సిద్ధాంతం చేశారు. పుట్టగానే పని ఖాయమైపోయే చోట సమర్థుడు ఎవరో ఎలా తెలుస్తుంది? 1953లో ట్యూమిన్ వాళ్లకిచ్చిన జవాబు కూడా ఇలాంటిదే, అంతస్తులున్న సమాజం ఉన్న ప్రతిభని బయటికి రానివ్వదు అని.

మాస్టారు: డేవిస్, మూర్‌లని నేను వెనకేసుకురాను. కానీ మెర్టన్‌ని వాళ్లతో కట్టెయ్యకు. ప్రతి ఆచారమూ అందరికీ మేలు చేస్తుందన్న ఊహని ఆయనే కొట్టేశాడు. ఒక గుంపుకి పనికొచ్చేది ఇంకో గుంపుకి కీడు చెయ్యొచ్చు, ఎవరికి పనికొస్తోందో అడగండి అన్నాడు. నీ కళ్ళం ప్రశ్న ఆయన చట్రంలోనే ఉందమ్మా.

అమ్మాయి: ప్రశ్న ఉంది, జవాబులో కొట్లాట లేదు. మా పార్వతీపురం వైపు లేవిడి ఊరి సంగతి చూడండి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్న గిరిజనుల మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు, కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పటికి అదంతా శ్రీకాకుళం జిల్లా. సవరలు, జాతాపులు అప్పుల్లో పడి భూములు షావుకార్లకి వదులుకున్న ప్రాంతం. గిరిజనులు ఎదురు తిరగనంత కాలం ఏజెన్సీ పైకి ప్రశాంతంగానే కనిపించింది, మీ లెక్కలో సమతుల్యంగా ఉంది. ఆ ప్రశాంతత దేంతో నిలబడిందో మీ సిద్ధాంతం ముందుగా చెప్పగలిగేదా?

మాస్టారు: ముందుగా చెప్పలేదు. తర్వాత ఏమైందో చెప్పగలదు. కోజర్ 1956లో రాశాడు కదా, ఘర్షణ కూడా వ్యవస్థకి పని చేసిపెడుతుందని. 1970లో వన్ ఆఫ్ సెవెంటీ చట్టం, అంటే ఆ ఏడాది ఒకటో నంబరు రెగ్యులేషన్, వచ్చింది, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని గట్టిగా కట్టడి చేశారు. ఒత్తిడి వచ్చింది, వ్యవస్థ సర్దుకుంది.

అమ్మాయి: ఎవరు సర్దుకున్నారు మాస్టారూ? అదే 1970 జూలైలో శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో చనిపోయారు. చట్టం ఒక చేత్తో, తుపాకీ ఇంకో చేత్తో. వాళ్ల దారి తప్పో ఒప్పో అది వేరే రోజు మాట్లాడుకుందాం. కానీ ఇంతమంది చావుల్ని సర్దుబాటు అనేసి, అది దానంతటదే జరిగినట్టు చెప్తే, ఎవరు ఎవరిని భయపెట్టారో అంతా మాయమైపోతుంది. అప్పటికీ సర్దుకోలేదు. మన్యం భూముల్ని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1997లో సమత కేసు దాకా రావాల్సొచ్చింది.

మాస్టారు: కోర్టు మాట అందరూ ఎందుకు వినాలి చెప్పు? దాన్ని మన్నించాలన్న విలువ నలుగురిలో ఉండబట్టి. పార్సన్స్ 1951లో చెప్పింది అదే, ఉమ్మడి విలువలు లేకపోతే ఏ చట్టమూ కాగితం దాటదు. నీ గిరిజనులు గెలిచిన చోటల్లా ఆ విలువ మీద నిలబడే గెలిచారు.

అమ్మాయి: విలువ ఉందని నేనూ ఒప్పుకుంటాను. అది ఉమ్మడిది అన్నదగ్గరే మీతో పేచీ. వన్ ఆఫ్ సెవెంటీ మంచిదా చెడ్డదా అని సీతంపేట సంతలో ఒక సవర ముసలాయన్ని అడగండి, పార్వతీపురంలో ఒక వడ్డీ వ్యాపారినీ అడగండి. ఇద్దరూ ఒకే జవాబు చెప్తే అప్పుడు పార్సన్స్ గురించి నాకు మళ్లీ పాఠం చెప్పండి, కూర్చుని వింటాను.