గేటు దాటిన పొగ

బహిరంగ ప్రదేశంలో సిగరెట్టు కాలిస్తే 200 రూపాయలుగా ఉన్న జరిమానాను కర్ణాటక ప్రభుత్వం 1000 రూపాయలు చేసింది. పొగాకు కొనేవాడి కనీస వయసును 18 నుంచి 21కి పెంచింది. హుక్కా బార్లను పూర్తిగా నిషేధించింది. కేంద్ర పొగాకు చట్టానికి 2024లో శాసనసభ ఆమోదించిన ఈ సవరణకు రాష్ట్రపతి సమ్మతి లభించి, 2025 మే నెలాఖరులో గెజిట్‌కెక్కింది. ఇక బెంగళూరులో పొగతాగడం తగ్గిపోతుందని సంబరపడేవాళ్లున్నారు, ఇది వసూళ్లకు మరో దారి అని పెదవి విరిచేవాళ్లూ ఉన్నారు. నిషేధం ఒక్కటే పెద్దగా ఎవరి చేతా సిగరెట్టు మాన్పించలేదనీ, మానాలన్న ఆలోచన మాత్రం గట్టిగానే పుట్టిస్తుందనీ మా అభిప్రాయం. ఆ ఆలోచనకు ఆయుష్షు తక్కువ. అది ఉన్న నాలుగు రోజుల్లో ఎవరైనా చెయ్యందిస్తే మనిషి గట్టెక్కుతాడు. కర్ణాటక పెంచింది జరిమానానూ వయసునూ, చెయ్యందించేవాళ్లను కాదు.

అసలు ఈ నిషేధం పుట్టింది పొగతాగేవాడి కోసం కాదు, పక్కన కూర్చున్నవాడి కోసం. ఎవరో కాల్చిన పొగ పీల్చాల్సిన ఖర్మ మరొకరికి పట్టకూడదని 1999లో కేరళ హైకోర్టు, 2001 నవంబరులో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు చెప్పాయి. 2003 నాటి కోట్పా (సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల) చట్టం, 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు ఆ దారిలోనివే. ముప్పై ఏళ్ల కిందట బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో అనంతపురం బస్సెక్కినవాళ్లకు ఆ ప్రయాణాలు గుర్తుండే ఉంటాయి. ముందు సీట్లో బీడీ ముట్టిస్తే వెనక సీట్లో పసిపిల్ల దగ్గేది, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఇప్పుడు బస్సులో అగ్గిపుల్ల గీస్తే కండక్టరు ఊరుకోడు, తోటి ప్రయాణికులు అసలే ఊరుకోరు. ఇది చిన్న విజయం కాదు. 2006 మార్చిలో స్కాట్లాండ్ ఇలాంటి నిషేధం తెచ్చాక అక్కడ పరిశీలించిన ఆసుపత్రుల్లో తీవ్రమైన గుండె సమస్యతో చేరేవాళ్లు 17 శాతం తగ్గారు. ఆ తగ్గుదలలో మూడింట రెండు వంతులు పొగతాగనివాళ్లదే. మన దగ్గర అమలు అంత గొప్పగా లేదన్నదీ నిజమే. 2016-17 జాతీయ పొగాకు సర్వే నాటికి కూడా నాలుగు గోడల మధ్య పనిచేసేవాళ్లలో 30.2 శాతం మంది పనిచోట ఇతరుల పొగ పీలుస్తూనే ఉన్నారు.

మరి కాల్చేవాడి సంగతి? పొగ పూర్తిగా నిషేధించిన ఆఫీసుల మీద అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీల్లో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసి 2002లో ఒక విశ్లేషణ వెలువడింది. నిషేధం ఉన్నచోట పొగతాగేవాళ్ల వాటా 3.8 శాతం మేర తగ్గిందని, మానలేకపోయినవాళ్లు కూడా రోజుకు సగటున మూడు సిగరెట్లు తక్కువ కాల్చారని అది తేల్చింది. ఆ తర్వాత 2016లో, వైద్య అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ దేశవ్యాప్త, రాష్ట్రవ్యాప్త నిషేధాలపై 77 అధ్యయనాలను జల్లెడ పట్టింది. గుండె జబ్బుల తగ్గుదల స్పష్టంగానే కనిపించింది. పొగతాగేవాళ్ల సంఖ్య తగ్గిందా అంటే ఒక చోట అవునని, మరో చోట లేదని లెక్కలు చెప్పాయి. ఇంగ్లండ్ అనుభవం ఇంకా సూటిగా ఉంది. అక్కడ నిషేధం 2007 జులై 1న మొదలైంది. ఆ జులై, ఆగస్టుల్లో పొగతాగేవాళ్లలో 8.6 శాతం మంది మానేందుకు ప్రయత్నించామని చెప్పారు. మరుసటి ఏడాది అవే నెలల్లో ఆ సంఖ్య 5.7 శాతానికి పడిపోయింది. చట్టం వచ్చిన వేడిలో జనం కదిలారు, వేడి తగ్గాక ఎవరి దారిన వాళ్లు పోయారు.

రోజుకు మూడు తగ్గాయంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ తక్కువ కాల్చేవాడు ఒక్కోదాన్ని లోతుగా, చివరి దాకా పీల్చి ఆ లోటు కొంత పూడ్చుకుంటాడు. పైగా గుండె విషయంలో తగ్గించడం పెద్దగా అక్కరకు రాదు. రోజుకు ఇరవై కాల్చేవాడికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం, రోజుకు ఒక్కటే కాల్చేవాడికీ ఉంటుందని 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ చెబుతోంది. 'నేను రోజుకు రెండే' అని ధీమాగా చెప్పే మిత్రులు దీన్ని చదవాలి.

బెంగళూరులో ఈ నిషేధం ఎలా పనిచేస్తోందో చూడాలంటే వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఏదైనా టెక్ పార్క్ గేటు ముందు పదకొండింటికి పది నిమిషాలు నిలబడితే చాలు. లోపల ఎనిమిదో అంతస్తు దాకా ఎక్కడా పొగ లేదు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తున తెల్లబోర్డు నిబంధన ప్రకారమే వేలాడుతూ ఉంటుంది. గేటు దాటగానే టీ, సిగరెట్లు అమ్మే కాండిమెంట్స్ కొట్టు. ఒక చేతిలో అల్లం టీ, ఇంకో చేతిలో సిగరెట్టు, మెడలో ఐడీ కార్డు. కొట్టువాడు తాడు కట్టి వేలాడదీసిన లైటరు క్షణం ఖాళీగా ఉండదు. కోట్పా చట్టం బహిరంగ ప్రదేశాన్ని నిర్వచిస్తూ ఆరుబయలును మినహాయించింది. 2008 నిబంధనలు బస్టాపులు, రైల్వేస్టేషన్లు, స్టేడియాల వంటివాటిని నిషేధం పరిధిలోకి తెచ్చినా, మామూలు రోడ్డు, ఫుట్‌పాత్ సంగతి నేటికీ ఎటూ తేలని వ్యవహారమే. ఇంతకీ మన నిషేధం చేసిన పని పొగను గేటు బయటికి పంపడం.

ఆ గేటు బయటి ప్రపంచానికి తనదైన ఆకర్షణ ఉంది. కడప నుంచో నెల్లూరు నుంచో వచ్చి కొత్తగా చేరిన కుర్రాడికి ఆఫీసులో మేనేజరు దొరకడు, కొట్టు దగ్గర దొరుకుతాడు. టీమ్‌లో ఎవరు ఆన్‌సైట్ వెళ్తున్నారు, ఎవరి ప్రాజెక్టు మూతపడుతోంది అన్న కబుర్లన్నీ అక్కడే. 'టీకి వస్తావా బ్రో' అంటే కాదనడం కష్టం. వద్దు వద్దంటూనే మొదటి పఫ్ అక్కడ పడుతుంది, రిలీజ్ టెన్షన్ ఉన్న వారంలో అది అలవాటవుతుంది. పొగతాగేవాడిని విడిగా నిలబెట్టి సిగ్గుపడేలా చేస్తుందనుకున్న నిషేధం, ఇక్కడ వాళ్లకో బృందాన్ని తయారుచేసి పెట్టింది. అమ్మాయిల పరిస్థితి వేరు. అదే కొట్టు దగ్గర వాళ్లు నిలబడితే చట్టం కన్నా ముందు చుట్టూ ఉన్న చూపులే జరిమానా వేస్తాయి. శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని) తాగే అవ్వలను ఏమీ అనని సమాజమే ఇదీ.

బయట కాల్చనివ్వకపోతే ఇంటికెళ్లి భార్యాపిల్లల ముందు కాలుస్తారన్న వాదన ఒకటి తరచూ వినిపిస్తుంది. అది నిలిచేది కాదు. 2009-10 జాతీయ సర్వే లెక్కలను విశ్లేషించినప్పుడు, పొగలేని చోట పనిచేసేవాళ్లలో 64 శాతం మంది ఇళ్లు కూడా పొగలేనివే అని తేలింది. ఆఫీసులో పొగ ఉన్నవాళ్లలో అది 42 శాతం దగ్గరే ఆగింది. ఇంట్లో ఇతరుల పొగ పీల్చేవాళ్లు 2009-10లో 52.3 శాతం ఉంటే 2016-17 నాటికి 38.7 శాతానికి తగ్గారు. ఆఫీసులో నేర్చుకున్న మర్యాద ఇంటికీ వస్తుందన్నమాట. నిషేధం అనవసరం అనేవాళ్లతో మేం ఏకీభవించలేకపోవడానికి ఇది పెద్ద కారణం.

మానడం ఎలా సాధ్యమవుతుందో, ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లం విదేశీ అధ్యయనాల దాకా వెళ్లనక్కర్లేదు. ఏటా కార్తీకం వచ్చేసరికి బెంగళూరు ఆఫీసుల్లో నల్లబట్టలు, ఉత్తకాళ్లు కనిపిస్తాయి. రోజుకో పెట్టె కాల్చే మనిషి అయ్యప్ప మాల వేసుకున్న గంట నుంచి ముట్టుకోడు. నలభై ఒక్క రోజులు. ఎవరూ చలానా రాయరు, ఏ బోర్డూ ఉండదు. తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం, పూజ, భిక్ష, సాయంత్రం తోటి స్వాములతో భజన. అలా రోజంతా మారిపోతుంది. నిన్నటి దాకా 'పదరా' అన్న స్నేహితుడే 'స్వామీ' అని పిలిచి పెట్టె జేబులో దాచుకుంటాడు. నికోటిన్ మానినప్పటి చిరాకు, నిద్రలేమి, తలనొప్పి మొదటి వారంలో ఎక్కువగా ఉండి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయని వైద్యులు చెబుతారు. అంటే మాల తీసేనాటికి ఒంటికి సంబంధించిన పోరాటం చాలావరకు అయిపోయినట్టే. అయినా శబరిమల నుంచి తిరిగొచ్చిన వారంలో చాలామంది మళ్లీ అదే కొట్టు దగ్గర కనిపిస్తారు. ఎందుకంటే టీ కొట్టు మారలేదు, పదకొండు గంటల బ్రేక్ మారలేదు, మళ్లీ 'పదరా' అనేవాళ్లు వచ్చేశారు. నలభై ఒక్క రోజులు మోసుకొచ్చిన మనిషిని నలభై రెండో రోజు పలకరించే ఏర్పాటు మన నగరంలో ఒక్కటీ లేదు. ఇంతమంది ఒకేసారి పొగాకుకు దూరంగా ఉన్న ఆ నెలన్నర కన్నా మంచి అదను ఆరోగ్య శాఖకు ఎప్పుడు దొరుకుతుంది?

ఏర్పాటు లేదంటే పూర్తిగా లేదని కాదు. ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 2356 ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అది ప్రతి సిగరెట్టు పెట్టె మీదా అచ్చవుతోంది. దక్షిణాది భాషల్లో వచ్చే కాల్స్‌కు జవాబిచ్చే కేంద్రం ఎక్కడో ఢిల్లీలో కాదు, ఇక్కడే బెంగళూరు హోసూరు రోడ్డులో, మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు. తేదీ పెట్టించుకుని మానిపించడం, మానాక కొన్నాళ్లు ఫోన్ చేసి కనుక్కోవడం వాళ్ల పద్ధతి. ఎవరి సాయమూ లేకుండా సొంత పట్టుదలతో మానేవాళ్లలో ఏడాది నిలిచేది నూటికి ముగ్గురో ఐదుగురో. కౌన్సెలింగ్, నికోటిన్ గమ్, అవసరమైతే మందులు తోడైతే ఆ సంఖ్య బాగా పెరుగుతుంది. అయినా ఆ నంబరు ఎంతమంది చూశారు? పెట్టె కొంటే కదా చూసేది.

బెంగళూరులో చాలామంది కొనేది పెట్టె కాదు, విడి సిగరెట్టు. పెట్టె మీద 85 శాతం మేర పరిచిన క్యాన్సర్ బొమ్మా, ఫోన్ నంబరూ కొట్టువాడి అరలోనే ఉండిపోతాయి. విడి అమ్మకాన్ని కర్ణాటక 2017లోనే నిషేధించింది. అయినా ఏ కాండిమెంట్స్ కొట్టులోనైనా 'ఒకటివ్వన్నా' అంటే పెట్టె తెరుచుకుంటుంది. పొగ మానాలనుకునేవాడికి ఇంతకన్నా పెద్ద ఆటంకం లేదు. పెట్టె మొత్తం కొనాల్సి వస్తే ఆ ధర చూసి ఒక్క క్షణమైనా ఆగుతాడు. 21 ఏళ్ల నిబంధన కూడా ఇక్కడే తేలిపోతోంది. ఒక్క సిగరెట్టు అడిగే కాలేజీ కుర్రాడిని వయసెంత అని ఎవరడుగుతారు? కాల్చేవాడికి 1000 రూపాయల చలానా రాసే ఉత్సాహంలో సగమైనా విడిగా అమ్మేవాడి మీద చూపితే ఫలితం ఎక్కువగా ఉంటుందని మా నమ్మకం.

ఇక ఏ బోర్డూ చేరని బెంగళూరు ఒకటుంది. కర్నూలు, అనంతపురం, రాయచూరు జిల్లాల నుంచి వచ్చి మేడలు కట్టే కూలీలది. వాళ్ల ఆఫీసుకు గోడలింకా లేవలేదు కాబట్టి నిషేధమూ లేదు. వాళ్లు కాల్చేది బీడీ. సిగరెట్టు మీదున్న పన్ను భారం దాని మీద లేదు. లేవగానే మొదటి అరగంటలోపు ముట్టించకపోతే ఉండలేనివాళ్లే పొగాకుకు ఎక్కువ బానిసలైనవాళ్లని వైద్యశాస్త్రం చెబుతుంది. రేకుల షెడ్డులో తెల్లవారుజామున ముట్టించే ఆ బీడీని ఏ చట్టం ఆపుతుంది? 2016-17 సర్వే ప్రకారం కర్ణాటకలో పొగతాగే పెద్దవాళ్లు 8.8 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 14.2 శాతం. కాబట్టి ఈ సమస్యలో తెలుగువాళ్ల వాటా ఏమీ తక్కువ కాదు. గుంటూరులో పొగాకు బోర్డు, మైసూరు ప్రాంతంలో పొగాకు వేలం కేంద్రాలు నడిపే కేంద్ర ప్రభుత్వమే మానండని చెప్పడంలోని వింత గురించి మరోసారి మాట్లాడుకుందాం.

కర్ణాటక ప్రభుత్వం చేయాల్సింది పెద్దదేమీ కాదు. జరిమానా రసీదు మీద నిమ్హాన్స్ కేంద్రం నంబరును కన్నడ, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీల్లో అచ్చు వేయాలి. రసీదు రాసే నగరపాలిక మార్షల్, పోలీసు ఆ నంబరు చూపించి ఒక్క మాట చెప్పాలి. వసూలైన డబ్బును జిల్లా ఆసుపత్రుల్లో పొగాకు మాన్పించే క్లినిక్‌లకు, ఉచిత నికోటిన్ గమ్‌కు మళ్లించాలి. పెద్ద నిర్మాణ సంస్థలు తమ లేబర్ క్యాంపులకు వారానికోసారి కౌన్సెలర్‌ను పంపేలా కార్మిక శాఖ షరతు పెట్టాలి. ఐటీ కంపెనీలకు చెప్పాల్సింది ఇంకా సులువు. యోగా క్లాసులకూ జిమ్ములకూ డబ్బు పెడుతున్నవాళ్లు గేటు లోపల, కొట్టు కన్నా దగ్గరగా, టీ దొరికే, పొగ లేని ఆరుబయలు చోటు ఒకటి ఏర్పాటు చేస్తే చాలామందికి బయటికి వెళ్లాల్సిన పనే ఉండదు. వీటిలో దేనికీ శాసనసభలో మరో సవరణ అక్కర్లేదు. మొదటి రెండింటికి ఆరోగ్య శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. అది వచ్చే కార్తీకం లోపు వస్తే ఇంకా మంచిది.