టర్బో ఈల గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టర్బో ఈల గారికి,

కోరాపుట్ జిల్లా సుంకి దారిలోని షెడ్డువాళ్లు వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలెట్టాలనే ఉంది గానీ కుదరదు. తమరు క్షేమమే. తమరిని మోసే లారీయే క్యాబిన్ పైకెత్తుకుని నోరు తెరుచుకు నిలబడింది.

తమరెవరో తెలియనివాళ్లకు ఒక ముక్క: ఇంజను వదిలే పొగతో ఒక రెక్కల చక్రాన్ని (టర్బైను వీలు) తిప్పి, అదే ఇరుసు (షాఫ్టు) మీదున్న రెండో చక్రంతో (కంప్రెసర్ వీలు) సిలిండర్లలోకి గాలి కుక్కే యంత్రం టర్బో. అది పాడే పాట తమరు. ఈ దారిలో తమరికున్న పలుకుబడి మంత్రులకు లేదు. సాలూరులో లోడు పట్టుకుని 26వ నంబరు జాతీయ రహదారి మీద ఘాటు (కొండ దారి) ఎక్కే డ్రైవరు మీటర్ల వైపు చూడడు, తమరి గొంతు వింటాడు. "ఈల గట్టిగుంది గురూ, బండి లాగేస్తాది" అని మురిసిపోతాడు. ఆ గొంతు ఇంకాస్త పెరగాలని ఫిల్టర్ డబ్బా మూత పీకేసినవాళ్లున్నారు, సైలెన్సర్ కోయించినవాళ్లున్నారు. దగ్గేవాడికి కచేరీ ఇప్పించడమంటే ఇదే.

తమరి గుట్టు చెబుతాం, కోపగించుకోకండి. సిలిండర్లోకి సవ్యంగా చేరిన గాలి అంతగా పాడదు. ఉన్నట్టుండి తమరి స్వరం హెచ్చిందంటే ఎక్కువసార్లు ఎక్కడో హోసు చిరిగిందనీ, క్లాంపు వదులైందనీ అర్థం. అంబులెన్సు కూతలా మారితే రెక్క విరిగి ఉండొచ్చు, లేదా వీలు కవరును రాసుకుంటూ ఉండొచ్చు. అప్పుడు బండి పక్కకు ఆపి ఇంజను కట్టేయాలి. రీలు తీయకూడదు.

అందుకే టర్బో విప్పమని వచ్చిన ఓనరుకు ముందు సబ్బు నీళ్లు చూపిస్తాం. టర్బో గాలి పీల్చే మూతికి సరిపడా బిళ్ల బిగించి, దాని మధ్యలో ట్యూబు వాల్వు పెట్టి, రెగ్యులేటర్ మీద 1 బార్ దాటకుండా గాలి ఎక్కించాలి. తర్వాత జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోస్తూ పోవాలి. బుడగలు ముందుగా వచ్చేది కంటికి కనబడని చోటే: క్లాంపు కింది వైపు, ఇంటర్‌కూలర్ (టర్బో తోసిన గాలిని చల్లార్చేది) మూలలు, హోసు ఛాసిస్‌కు రాసుకునే చోటు. ఈ పనికి పట్టేది అరగంట, ఖర్చు ఒక క్లాంపు. తమరి కీర్తికి మాత్రం పెద్ద దెబ్బ.

ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య పైపు చిరిగితే సంగతి వేరు. అక్కడ బూస్టు (ఇంజనుకు తోసే గాలి ఒత్తిడి) తగ్గదు, దుమ్ము చేరుతుంది. మా కోరాపుట్ ఎర్రమట్టి సంగతి తమరికి తెలియనిదా! కంప్రెసర్ రెక్క అంచు మీద వేలు పెట్టి చూస్తే బ్లేడులా పలచబడి, మూల గుండ్రమై కనిపిస్తుంది. ఆ వీలు ఇక గాలి తోయదు, గాలిని తిప్పుతుందంతే. ఫిల్టర్ గాలికి పెట్టే అడ్డు (నీటి గొట్టంలో కొలిచే లాగుడు) 25 అంగుళాల నీటి మట్టానికి, అంటే 635 మి.మీ.కి చేరి ఇండికేటర్ ఎర్రబడితే మార్చాల్సిందే. దులిపి, గాలి కొట్టి మళ్లీ పెట్టేవాళ్లకు నమస్కారం.

ఇక తమరి వీరాభిమానుల ముద్దు పని, వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను టర్బైను పక్కనుంచి పంపే తలుపు) రాడ్డు బిగించడం. "నాలుగు చుట్లు బిగించు మేస్త్రీ, పికప్ వస్తాది" అంటారు. రాడ్డు పొట్టిదైతే గేటు ఆలస్యంగా తెరుచుకుంటుంది, షాఫ్టు ఇంకా వేగంగా తిరుగుతుంది. అసలే ఆ షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల చుట్టుపక్కల తిరిగే ప్రాణి. పైగా కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి దాదాపు పదో వంతు పలచన. ఆ లోటు పూడ్చడానికి టర్బో తనంతట తానే వేగం పెంచుకుంటుంది. కింద సాలూరులో కులాసాగా ఉన్న సెట్టింగు పైకెళ్లేసరికి అంచు మీద నిలబడుతుంది. డీజిలు కూడా పెంచారా, ఎగ్జాస్టు 700 డిగ్రీలు దాటి మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను టర్బోకు చేర్చే గొట్టం) పగలడానికి ముహూర్తం పెట్టినట్టే. రాడ్డు సెట్టింగు చెయ్యిపంపు, ప్రెషర్ గేజి, డయల్ గేజి పెట్టి కంపెనీ చెప్పిన ఒత్తిడికి చూసుకునేది. చెవితో చూసేది కాదు.

పెద్ద వీలు వేయిస్తామంటారు. వేయించవచ్చు, కవరును లేత్ మీద ఆ వీలు వంపుకే కోయిస్తే. గ్రైండర్‌తో గీకితే రెక్కకూ గోడకూ మధ్య సందు పెరిగి, కుదించిన గాలి వెనక్కి జారుతుంది. తక్కువ ఆర్పీఎంలో పెద్ద గేరు మీద ఘాటు లాగితే సర్జ్ (గాలి వెనక్కి కొట్టడం) పుట్టి ఫటఫటమని దగ్గుతుంది, ఆ దెబ్బలన్నీ షాఫ్టు ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే త్రస్ట్ బేరింగ్‌కే. టర్బైను హౌసింగ్ పెద్దది వేస్తే చదును రోడ్డు మీద హాయి, మలుపు తిరిగి మళ్లీ ఎక్కేటప్పుడు మాత్రం గాలి కోసం ఎదురుచూపులు. మాటవరసకు 52వ సెక్షను కూడా గుర్తుచేస్తాం: మోటారు వాహనాల చట్టం తయారీదారు చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చనివ్వదు. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్6 (కొత్త పొగ నియమాల) బండ్ల జోలికైతే అసలు వెళ్లం. సెన్సర్లు తమరికంటే గట్టిగా అరుస్తాయి.

నిజంగా గాలి కలిసొచ్చే పని చిన్నది. మానిఫోల్డ్, టర్బో మూతుల మీద కొత్త గ్యాస్కెట్ పెట్టి గీత గీసుకుని, లోపలికి పొడుచుకొచ్చిన పెదవిని మాత్రమే అరగదీయాలి. మధ్య గోడను ముట్టుకోకూడదు, వీలు తిరిగే వంపును అసలే కాదు.

విప్పడమే తప్పదనుకోండి. ముందు హౌసింగ్‌ల మీద, షాఫ్టు, వీలు, నట్టు మీద గీతలు పెట్టుకోవాలి. కంప్రెసర్ నట్టుకు చాలా మోడళ్లలో ఎడమ చుట్టు. మామూలు నట్టనుకుని బలం చూపిస్తే షాఫ్టు వంగుతుంది. టర్బైను కొసను సాకెట్‌తో పట్టాలి, రెక్కలు పట్టకూడదు. మసిని నానబెట్టి మెత్తని బ్రష్‌తో తీయాలి, తీగ బ్రష్ గీత పెడితే బ్యాలెన్సు పోతుంది. బుష్షులు, త్రస్ట్, రింగులు కొత్తవి వేశాక ముందుకీ వెనక్కీ ఆట సాధారణంగా 0.1 మి.మీ. లోపే ఉండాలి. ఆ తర్వాత బ్యాలెన్సింగ్ మిషను. "మాకు చెయ్యి తిరిగింది, మిషనెందుకు" అనే మేస్త్రీ దగ్గర తమరు చాలా శ్రావ్యంగా ఉంటారు, వారం రోజులు.

టర్బోలను బాగా మింగేది ఆయిల్ దిగే పైపు. లోపల రబ్బరు సీలు లేదు, సన్నటి ఇనుప రింగులే. ఆయిల్ తన బరువుతో తానే కిందికి జారాలి. పైపు వంగినా, మసి కట్టినా, ఇంజను బ్రీదర్ (లోపలి ఆవిరి వదిలే గొట్టం) మూసుకుపోయినా ఆయిల్ దిగక రింగులు దాటి బయటికొస్తుంది. నీలిపొగ చూసి ఓనరు మూడో టర్బో కొంటాడు, పైపు మాత్రం పాతదే. ఆ గ్యాస్కెట్‌కు సిలికాన్ పూయకండి, పీలికలై ఆయిల్ దారికి అడ్డం పడుతుంది. వీలు విరిగిన బండైతే ఇంటర్‌కూలర్ కడిగి ముక్కలు ఏరాల్సిందే.

బిగించాక ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి, చేత్తో వీలు తిప్పి, డీజిలు ఆపి ఆయిల్ ప్రెషర్ కనబడే దాకా సెల్ఫ్ కొట్టాలి. స్టార్టయ్యాక కాసేపు రేజ్ చేయకుండా వదిలేయాలి. ఘాటెక్కి వచ్చిన బండిని ఆపేముందు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి, లేదంటే ఆయిల్ లోపలే మాడి బొగ్గవుతుంది.

అంతా సవ్యంగా కుదిరితే డ్రైవరు మళ్లీ వచ్చి ఫిర్యాదు చేస్తాడు: "బండి బాగానే లాగుతోంది గానీ, ఈల తగ్గిపోయింది మేస్త్రీ."

ఇట్లు,
సబ్బు నీళ్ల బకెట్టుతో తమరి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు