వాపే బలుపు

వాపు చూసి బలుపనుకోవద్దని పెద్దలన్నారు. పాపం, వాళ్లెవరూ డేటాబేస్ నడిపినవాళ్లు కారు. మా టీమ్‌లో ఒక టేబుల్ ఉంది. బతికున్న వరుసలు పది లక్షలు, డిస్క్ మీద ఆక్రమించిన చోటు కోటి వరుసలకు సరిపడా. ఇది ఎదుగుదల కాకపోతే మరేమిటి?

కిట్టనివాళ్లు దీనికి బ్లోట్, అంటే ఉబ్బు, అని పేరు పెట్టారు. మేం వాడే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఒక వరుసను అప్‌డేట్ చేస్తే పాతది చెరిగిపోదు. కొత్తది వేరే పుడుతుంది, పాతది శవమై అక్కడే పడుంటుంది. అంతకుముందే మొదలైన ట్రాన్సాక్షన్ (డేటాబేస్‌లో ఒకే మూటగా చేసే పని) ఏదైనా దాన్ని చూడాల్సి రావచ్చని ఆ మర్యాద. డిలీట్ చేసినా ఇదే కథ. ఆ శవాలను తీసి, చోటును కొత్తవాటికి అప్పగించే కాటికాపరి పేరు వాక్యూమ్.

2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి ఈ కాటికాపరి ఎవరూ పిలవకుండానే వస్తున్నాడు. మామూలు సెట్టింగుల్లో అయితే టేబుల్‌లో 20 శాతం, పైన ఇంకో 50 వరుసలు పోయాక గానీ కదలడు. పది కోట్ల వరుసల టేబుల్లో రెండు కోట్ల చావులన్నమాట! ఇంత నిదానస్తుణ్ని కూడా మేం భరించలేకపోయాం. రద్దీ వేళ డిస్క్ చదువుతున్నాడని ఆపేశాం. ఊడుస్తుంటే దుమ్ము లేస్తోందని చీపురు దాచేశాం.

క్వెరీలు, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు, నెమ్మదించాయి. వరుసలను త్వరగా వెతికిపెట్టే సూచిక, ఇండెక్స్ వేశాం. మళ్లీ నెమ్మదించాయి, ఇంకోటి వేశాం. ఇప్పుడు ఒక్క వరుస చేర్చాలంటే పద్నాలుగు ఇండెక్సులకు కబురు పెట్టాలి. అందులో తొమ్మిదింటిని ఇంతవరకు ఏ క్వెరీ వాడలేదని గణాంకాలు చూపిస్తున్నాయి. అయినా తీసేయం. వేసిన మనిషి ఉద్యోగం మానేశాడు, ఎందుకు వేశాడో ఎవరికి తెలుసు?

చివరికి ఒక అత్యుత్సాహి వాక్యూమ్ మళ్లీ నడిపాడు. శవాలు కదల్లేదు. కారణం మా సహోద్యోగి ఒకాయన. మూడు రోజుల కిందట బిగిన్ కొట్టి ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఇంకేదో టేబుల్లో ఒక వరుస మార్చి, కమిట్ కొట్టి దాన్ని ముగించకుండా మీటింగుకి వెళ్లారు. ఆ తర్వాత పోయిన వరుసలను ఆ డేటాబేస్‌లో ఎవరూ ముట్టుకోవడానికి లేదు. ఇలాంటి సెషన్లను తెంచే సెట్టింగు ఒకటుంది గానీ ఎవరూ మార్చకపోతే దాని విలువ సున్నా, అంటే ఎంతసేపైనా కూర్చోవచ్చు. పెద్దమనిషిని లేవమనడం మాకూ మర్యాద అనిపించలేదు.

దాంతో అత్యుత్సాహికి రోషం వచ్చి, పట్టపగలు వాక్యూమ్ ఫుల్ కొట్టాడు. అది టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది, రాసేంతసేపూ ఆ టేబుల్‌ను ఎవరినీ చదవనివ్వదు కూడా. సైట్ నలభై నిమిషాలు మూగబోయింది. అంతా అయ్యాక చూస్తే సైజు దాదాపు అంతే! ఆ పాత ట్రాన్సాక్షన్ తెరిచే ఉంది కదా, దానికి అవసరం పడొచ్చని శవాలను కూడా శ్రద్ధగా కొత్త కాపీలోకి మోసుకొచ్చింది.

సమస్య ఏమిటో అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది. సర్వర్ చాలడం లేదు. రెట్టింపు డిస్క్, రెట్టింపు మెమరీ కావాలని ప్రతిపాదన పంపాం. ‘కారణం’ అన్న గడిలో ‘వ్యాపార వృద్ధి’ అని రాశాం. మీటింగుకి వెళ్లినాయనే సంతకం పెట్టారు.