ఒకటిన్నర శ్రుతిలో వెనక చక్రం

తెల్లవారుజామున ఐదున్నరకి విజయనగరం వీధుల్లో వినబడుతున్న చిరచిర శబ్దం మీద పౌరులకి సరైన అవగాహన లేకపోవడం విచారకరం. ఎత్తుబ్రిడ్జి దిగువ టీ బడ్డీ దగ్గర నిలబడ్డవాళ్ళు కందిరీగల తుట్టె కదిలిందనుకుని తల మీద తువ్వాలు కప్పుకుంటున్నారు. మూడు లాంతర్ల దగ్గరివాళ్ళు ఎవరో మోపెడ్ వెనకాల కొబ్బరిమట్ట ఈడ్చుకుపోతున్నాడంటున్నారు. రెండూ తప్పే. అది లక్షకి పైగా పోసి కొన్న కొత్త రోడ్ బైకు, అంటే గేర్ల రేసు సైకిలు, వెనక చక్రం నడుమ ఉండే హబ్బు. మోగడం దాని లోపం కాదు, హోదా.

ఈ హోదాలో ఒక విశేషం ఉంది. కాలు ఆడినంతసేపూ హబ్బు నోరు మెదపదు. తొక్కడం ఆపి పెడళ్ళ మీద పాదాలు ఊరికే పెట్టుకున్న క్షణం నుంచి అందుకుంటుంది. బ్రిడ్జి ఎక్కుతూ చెమటోడ్చినప్పుడు నిశ్శబ్దం, దిగుతూ ఖాళీగా కూచున్నప్పుడు భజంత్రీలు. చెయ్యని పనికి టముకు వేయించుకునే సౌకర్యం ఇన్నాళ్ళూ నాయకులకే ఉండేది. ఇప్పుడు సైకిలు వాళ్ళకీ అందింది.

లోపల జరిగేది సామాన్యమైన సంగతే. వెనక గేర్ల పళ్ళచక్రాల దొంతర, అంటే క్యాసెట్, ఎక్కే ఫ్రీహబ్ బాడీ అనే గొట్టానికి స్ప్రింగుల మీద లేచి నిలబడే ఉక్కు కొక్కేలు మూడో, నాలుగో, ఆరో ఉంటాయి. వాటిని పాల్స్ అంటారు. హబ్బు లోపలి గోడకి పళ్ళ రింగు ఉంటుంది. తొక్కితే కొక్కేలు పళ్ళకి తన్నిపట్టి చక్రాన్ని లాక్కుపోతాయి. ఆపితే చక్రం దాని దారిన తిరుగుతుంటే కొక్కేలు ఒక్కో పన్నూ ఎక్కి జారుతుంటాయి. ఆ జారిన దెబ్బే టిక్కు. స్టార్ ర్యాచెట్ రకంలో కొక్కేల బదులు పళ్ళున్న రెండు బిళ్ళలు ఎదురెదురుగా ఒరుసుకుంటాయి. తాతగారి అట్లాస్ సైకిలు ఫ్రీవీల్‌లోనూ ఇదే ఏర్పాటు. అది గొణిగేది, ఇది అరుస్తోంది. పళ్ళు పెరిగాయి, గ్రీజు తగ్గింది. పైగా లోపల డొల్లగా ఉండే లోతైన కార్బన్ రిమ్ము డోలు పని చేసిపెడుతోంది.

1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని తొలి ప్రిన్సిపాలుగా కూచోబెట్టిన ఊళ్ళో, ఒక శబ్దాన్ని శ్రుతి చూడకుండా గోల అనేయడం మర్యాద కాదు. లెక్క వేద్దాం. 700 బై 25 టైరు ఒక చుట్టుకి సుమారు 2.1 మీటర్లు పోతుంది. గంటకి 29 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 3.8 చుట్లు. 36 పళ్ళ స్టార్ ర్యాచెట్ అయితే సెకనుకి 138 టిక్కులు. టిక్కులు అంత దగ్గరగా పడితే చెవికి స్వరమే. అది దాదాపు ఒకటిన్నర శ్రుతి, మగ గొంతుకి హాయైన షడ్జమం. వేగం 31కి పెంచితే రెండు శ్రుతి. పాడేది ఆడవారైతే 54 పళ్ళ బిళ్ళలు వేయించి 27కీ 28కీ మధ్య పోతే ఐదు శ్రుతి పలుకుతుంది. చిక్కల్లా ఒక్కటే. తొక్కితే మోగదు, తొక్కకపోతే వేగం పడిపోతుంది, దానితో శ్రుతీ దిగుతుంది. వర్ణం అందుకున్నవాడు పల్లవి దాటేసరికి అరశ్రుతి కింద ఉంటాడు.

పళ్ళెక్కువైతే పట్టు తొందరగా దొరుకుతుందని షాపువారు చెబుతారు. అబద్ధం కాదు. 36 పళ్ళకి పట్టు దొరికేలోగా మహా అయితే 10 డిగ్రీల ఖాళీ, 54కి 6.7. ఇండస్ట్రీ నైన్ వారి హైడ్రా హబ్బులో చుట్టుకి 690 పట్లు, ఖాళీ అర డిగ్రీ. అయితే ఇదంతా చక్రం దగ్గరి కొలత. ముందు 50, వెనక 17 పళ్ళ గేరులో ఆ 10 డిగ్రీలు పెడల్ దగ్గరకొచ్చేసరికి 3.4 అవుతుంది. 172.5 మిల్లీమీటర్ల క్రాంకు, అంటే పెడల్ బిగించే కడ్డీ, చివర అది ఒక సెంటీమీటరు. 54కి మారితే ఏడు మిల్లీమీటర్లు. మిగిలిన మూడు మిల్లీమీటర్లూ మూటగట్టుకుని నెల్లిమర్ల ఎంత ముందు చేరతారో చేరినవారే చెప్పాలి. రాళ్ళగుట్టల మీద చిన్న గేరులో ఆగి ఆగి తొక్కే మౌంటెన్ బైకుకి మాత్రం దీని అవసరం నిజంగానే ఉంది.

ఈ సైకిలుతో పాత మెకానిక్కు దగ్గరికి వెళ్తే సంభాషణ ఇలాగే నడుస్తుంది.

“ఏటి బాబూ, ఫ్రీవీల్ పోనాదేటి?”

“పోలేదండీ. సౌండు కావాలనే అలా చేస్తారు.”

“డబ్బులిచ్చి మరీ?”

“ఎక్కువిచ్చి.”

“పోన్లే, ఒక సుక్క గ్రీజెట్టీస్తే ఊరుకుంటాది.”

ఆయన మాట అక్షరాలా నిజం. ఆయన డబ్బాలో ఉన్నది లారీ బేరింగుకి వాడే చిక్కటి గ్రీజు కావడమే ప్రమాదం. అది పూస్తే కొక్కేలు పడుకున్నచోటే అతుక్కుపోతాయి. సిగ్నల్ దగ్గర లేచి నిలబడి తొక్కగానే పెడల్ ఖాళీగా కిందికి జారి, ఛాతీ వెళ్ళి హ్యాండిల్‌కి తగులుతుంది. అప్పుడు నిజంగానే శబ్దం ఉండదు.

వాడాల్సింది ఫ్రీహబ్ కోసమే అమ్మే పల్చటి గ్రీజు. చక్రం ఊడదీసి, గేర్ల వైపు ఇరుసు చివరి మూత, అదే ఎండ్ క్యాప్, లాగి, క్యాసెట్ పట్టుకుని తిన్నగా బయటికి లాగితే చాలా హబ్బుల్లో బాడీ వచ్చేస్తుంది. కింద తెల్లగుడ్డ పరవడం మరవకూడదు. ఎగిరిపడిన స్ప్రింగు వెంట్రుకంత ఉంటుంది, పక్కన కాలవ ఎప్పుడూ ఉంటుంది. విప్పేముందే ఫోనులో ఒక ఫోటో తీసుకుంటే కొక్కెం ఎటు తిరిగి ఉండాలో తర్వాత గొడవుండదు. పాత మురికిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవాలి. పొయ్యకూడదు, పోస్తే బేరింగులోకి దిగుతుంది. కొక్కేలకీ పళ్ళకీ కలిపి కందిగింజంత గ్రీజు, వేలితో పల్చగా. తిరిగి పెట్టేటప్పుడు అపసవ్యంగా తిప్పుతూ నొక్కితే కొక్కేలు ముడుచుకుని లోపలికి పోతాయి. షిమానో హబ్బుల్లో బాడీ లోపలి నుంచి బోల్టుతో బిగించి ఉంటుంది. అవి ఎలాగూ నెమ్మదస్తులు, వాటి జోలికి పోనక్కర్లేదు.

నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న హబ్బు ఇవాళ గొంతు పెంచిందంటే బైక్ వాష్‌లో ప్రెషర్ నీళ్ళు కొట్టించారన్నమాట, లేదా తుప్పు వదిలించే స్ప్రే డబ్ల్యూడీ-40 చిమ్మారు. రెండూ గ్రీజుని కడిగేస్తాయి. టిక్కులు సమంగా కాక కుంటుతూ వస్తుంటే ఒక స్ప్రింగు విరిగినట్టే. తొక్కడం ఆపగానే పైచైను వదులై వేలాడితే బాడీ బిగుసుకుంటోందని అర్థం. తొక్కుతుంటే టక్కుమని జారితే ఇంక ఆ రోజు ఎక్కకూడదు. ఇవి హోదా కిందకి రావు.

అసలు శబ్దమే వద్దన్న ప్రయత్నాలూ జరిగాయి. షిమానో 2018లో మౌంటెన్ బైకులకి సైలెన్స్ పేరుతో మోగని హబ్బు ప్రకటించి, తర్వాత వెనక్కి తీసుకుంది. ఓనిక్స్ కంపెనీ హబ్బుల్లో కొక్కేల బదులు పళ్ళు లేకుండానే ఒకవైపు మాత్రం పట్టే స్ప్రాగ్ క్లచ్చి ఉంటుంది, బరువెక్కువ, మాటే లేదు. హబ్బు మోగుతుండగా బెల్లెందుకనే వాదన కూడా ఒకటి ఉంది. ఎదురుగా గేదె అడ్డొచ్చినప్పుడు ఏటవాలు ఎక్కుతూ ఉంటే దాని బలం తెలుస్తుంది.

గ్రీజు వైద్యానికి ఒకటే దుష్ఫలితం. మర్నాడు ఐదున్నరకి బ్రిడ్జి దిగుతుంటే టీ బడ్డీ దగ్గర ఒక్క తలకాయా తిరగదు. రెండు ఆదివారాలు ఓర్చుకుంటారు. మూడో ఆదివారం మళ్ళీ తెల్లగుడ్డ పరిచి, ఎండ్ క్యాప్ లాగి, పెట్టిన కందిగింజంతా జాగ్రత్తగా తుడిచేస్తారు.