కిలో 334

(గుంటూరు, బ్రాడీపేట. వరండాలో చేట ముందు ఆవిడ. చెమటలు తుడుచుకుంటూ, చంకలో సంచితో ఆయన.)

ఆవిడ: ఏంటండీ ఇవి?

ఆయన: మిరపకాయలు. నువ్వు చెప్పినట్టే, కిలో 334.

ఆవిడ: ఇవి 334 ఏంటి! పొట్టిగా, సన్నగా, కొస సూదిలా. తేజ ఇది.

ఆయన: లెక్కపెట్టి ఇచ్చానే! మూడు వందలు, మూడు పదులు, నాలుగు రూపాయల చిల్లర.

ఆవిడ: ...రేటనుకున్నారా?

ఆయన: మరి? కొట్టతను 260 అన్నాడు. నేనూరుకుంటానా? "కుదరదు, మా ఆవిడ 334 అంది" అని పట్టుబట్టా.

ఆవిడ: బేరమాడి పెంచారా!

ఆయన: అరగంట. చివరికి ఒప్పుకున్నాడు. మంచివాడు, టీ కూడా ఇప్పించాడు.

ఆవిడ: ఇప్పించడూ మరి! 74 రూపాయల టీ. 334 రకం నంబరండీ, మన లాం వ్యవసాయ పరిశోధన ఫారం వాళ్లు పెట్టింది.

ఆయన: కాయకి నంబరేంటే, సిటీబస్సులాగా?

ఆవిడ: మిర్చి యార్డులో చంటిపిల్లాణ్ణడిగినా చెబుతాడు.

ఆయన: సర్లే. కారం కారమేగా, ఆవకాయలో పడెయ్.

ఆవిడ: గ్లాసు ఆవపిండికి గ్లాసు కారం, ముప్పావు ఉప్పు. గ్లాసు తేజ వేస్తే నోట్లో పెట్టలేం. సగం తగ్గిస్తే ఊట పాలిపోతుంది. 334కైతే రంగూ ఘాటూ సరిసమానం. అయినా మీ కడుపుకి తేజ పడదనేగా...

ఆయన: నా కోసమా!

ఆవిడ: డాక్టరు ఫీజు కోసం. కూర్చుని ముచ్చికలు తియ్యండి. ముచ్చిక పడితే కారం వెలవెలబోతుంది. చేతులకి నూనె రాసుకోండి. ఆ చేత్తో కళ్లద్దాలు సర్దుకోకండి.

ఆయన: తీసి మరకి పట్టుకెళ్లనా?

ఆవిడ: పచ్చివేనా? రెండెండలు పడాలి, ఊపితే గింజ గలగలమనాలి. మర నుంచి రాగానే వేడిమీద డబ్బాకెత్తితే చెమ్మపట్టి గడ్డకడుతుంది. గుడ్డ మీద ఆరబోయాలి.

ఆయన: ఇంతకీ దీన్నేం చేస్తావ్?

ఆవిడ: పావుకిలో తేజకి ముప్పావు బాడిగ కలుపుతా. అది ముడతల కాయ, రంగెక్కువ, ఘాటు తక్కువ. మజ్జిగ తాగి వెళ్లి ముప్పావు కిలో బాడిగ పట్రండి.

(ఆయన మజ్జిగ తాగి, చెప్పులేసుకుని, గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాడు.)

ఆయన: బాడిగకి తెస్తాను సరే. ఆవకాయలో కలిపేశాక తిరిగెలా ఇస్తామే?