ఎవరి మైదానం వారిదే

అమెరికాలో గుర్రప్పందేల నిర్వహణ ఎంత ముక్కలుచెక్కలై ఉందో చూడాలంటే 2021 నాటి మెడీనా స్పిరిట్ ఉదంతం చాలు. మే 1న కెంటకీ రాష్ట్రంలో జరిగే పేరుమోసిన పందెం కెంటకీ డెర్బీలో ఆ గుర్రం అందరికన్నా ముందు గీత దాటింది. తర్వాత పరీక్షలో బీటామెథసోన్ బయటపడింది. అది వాపు తగ్గించే స్టెరాయిడ్. పందెం రోజున గుర్రం ఒంట్లో ఉండకూడదు. చర్మానికి రాసిన మందు వల్ల వచ్చిందని ట్రైనర్ బాబ్ బాఫర్ట్ వాదించారు. రేస్‌కోర్సు సొంతదారు అయిన ప్రైవేటు కంపెనీ ఆయన్ను తన మైదానాల్లోకి రానివ్వనంది. అదే గుర్రం మే 15న మేరీల్యాండ్‌లో పరుగెత్తింది! అదనపు పరీక్షలు చేసి అక్కడివాళ్లు సరేనన్నారు మరి. న్యూయార్క్ వాళ్లు ట్రైనర్‌ను సస్పెండ్ చేస్తే, సంజాయిషీ వినకుండా ఎలా చేస్తారంటూ ఫెడరల్ కోర్టు జులైలో ఆపేసింది. కెంటకీ అధికారులు గెలుపును రద్దు చేసేసరికి 2022 ఫిబ్రవరి వచ్చింది. అప్పటికే గుర్రం చనిపోయింది.

ఎవరికి వారే యమునా తీరే అన్న ఈ తీరు చేతకానితనం వల్ల వచ్చింది కాదు. రాష్ట్రాల మధ్య బెట్టింగ్‌కు ఎవరి అనుమతి కావాలో తేలుస్తూ 1978లోనే అమెరికా చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసింది. గుర్రం ఆరోగ్యానికి దేశమంతటికీ ఒకే నిబంధన కావాలని తోచడానికి మాత్రం 2020 దాకా పట్టింది. ఈలోగా 2019లో కాలిఫోర్నియాలోని శాంటా అనీటాలో గుర్రాలు వరసగా కూలిపోయాయి. డబ్బు విషయంలో కుదిరిన ఒప్పందం మందుల విషయంలో కుదరలేదంటే, కుదరాలన్న తొందర ఎవరికీ లేకపోయిందనే మేం అనుకుంటున్నాం.

2020 నాటి చట్టంతో వచ్చిన హార్స్‌రేసింగ్ ఇంటెగ్రిటీ అండ్ సేఫ్టీ అథారిటీ 2022లో భద్రతా నిబంధనలు, 2023లో డోపింగ్ పరీక్షలు మొదలుపెట్టింది. దాని అధికారం ప్రధానంగా థరోబ్రెడ్ అనే పందెపు జాతి గుర్రాలకే, అదీ రాష్ట్రాల మధ్య బెట్టింగ్ సాగే పందేలకే పరిమితం. టెక్సస్ అయితే తన పందేల ప్రసారాన్ని బయటి రాష్ట్రాలకు ఆపేసుకుని మరీ దాని చేతికి చిక్కకుండా ఉండిపోయింది. ప్రభుత్వం చేయాల్సిన పని ప్రైవేటు సంస్థ చేతిలో పెట్టారన్న అభ్యంతరం కోర్టులకెక్కింది. కొన్ని అప్పీలు కోర్టులు చట్టాన్ని సమర్థిస్తే, 2024లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు అమలు అధికారాలను తప్పుపట్టింది.

ఆ అభ్యంతరంలో పస ఉంది. దానికి విరుగుడు పాత పద్ధతికి వెళ్లిపోవడం కాదు, అమలును ప్రభుత్వ సంస్థ అయిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పర్యవేక్షణలోకి పూర్తిగా తేవడం. బ్రిటన్‌లో 2007 నుంచి నిబంధనలకు ఒకే అథారిటీ ఉంది. డబ్బు పంపకాల మీద అక్కడా గొడవలు పడతారు, కానీ ఏ మందు నిషిద్ధమన్నది ఊరు మారితే మారదు.

టికెట్లు అమ్ముకునే కంపెనీయే శిక్ష వేసే పద్ధతి కూడా పోవాలి. ట్రైనర్ దోషో కాదో తేల్చాల్సింది లాభనష్టాలతో పనిలేని ట్రిబ్యునల్. గుర్రానికి ఏ రోజు ఏ ఇంజెక్షన్ ఇచ్చారో చెప్పే రికార్డు, టెక్సస్ సహా ఏ రాష్ట్రంలో దిగినా, పందేనికి ముందే అక్కడి పశువైద్యుడి ముందుండాలి.